మెడలో ఈల ఉన్న మనిషి

కొత్తకోటలో పెద్ద రోడ్డు దాటేచోట పోలీసాయన ఈల వేస్తే లారీలు ఆగినా ఆగకపోయినా నేను మాత్రం ఆగిపోతాను. చేతిలో కూరగాయల సంచి ఉన్నా, ఒక కాలు అప్పటికే ముందుకు పడి ఉన్నా అక్కడే నిలబడి, ముందు పక్కనున్న మనవరాలిని చూస్తాను. తల మీద ముసుగు ఉందా, చేతులు కప్పుకుందా అని. ఆ తర్వాతే రోడ్డు చూస్తాను. మొన్న అట్లా నిలబడితే వెనుక వస్తున్న ఒకాయన విసుక్కున్నాడు.

"ఏందమ్మా, నడిరోడ్డు మీద నీకేం యాదికొచ్చింది?"

ఆయనకేం చెప్పను? ఒక మనిషి యాదికొచ్చింది. ఆమె పేరు ఇక్కడ రాయను. తన పేరు నలుగురి నోళ్ళలో పడడం ఆమెకు గిట్టేది కాదు. ఊరంతా సైన్సు మేడం అనేవాళ్ళు. నేను చదివింది మూడో తరగతి. రాస్తే గీత మీద అక్షరం నిలవదు. అయినా రాస్తున్నాను. ఆమె నాకు చెప్పిన పాఠం ఆమె బడిలో ఎవరికీ అంత అవసరం పడి ఉండదు.

ఆమెను మొదటిసారి చూసిన రోజు నాకు పట్టరాని కోపం వచ్చింది. ఎండాకాలం, ఒంటిపూట బళ్ళు. నా మనవరాలు మల్లికకు అప్పుడు ఏడేళ్ళు. నా కొడుకు లారీ మీద పోయేవాడు, కోడలు కూలికి పోయేది. కాబట్టి పిల్లను బడికి దింపడం, తేవడం నా పని. బడి విడిచినంక నడిపించుకొస్తుంటే అది తల మీది తువ్వాలను కళ్ళ మీదికి లాక్కుంటూ నడుస్తోంది. వెలుతురు దానికి పడదు. నాకేమో అది మారాం అనిపించేది. తువ్వాల గుంజేసి, "కండ్లు తెరిచి నడువే. ఎండకు ఏం కాదు. ఎండ తగిలితెనే ఒళ్ళు గట్టిపడతది" అన్నాను.

వెనుక నుంచి చెవులు గింగురుమనేటట్టు ఈల.

తిరిగి చూస్తే ఒక సన్నటి మనిషి. తల మీద కొంగు. చేతిలో మగవాళ్ళు పట్టుకునే కర్ర పిడి గొడుగు. మెడలో నల్లదారానికి డ్రిల్లు సారు ఈల.

"సిగ్గుండాలె! ఆడమనిషివై ఈలేస్తవా? గది కూడ నాసొంటి ముసల్దాన్ని జూసి?" అన్నాను.

ఆమె దగ్గరికొచ్చింది. గొంతు ఎండుటాకు తొక్కినట్టుంది. "అవ్వా, నాకు గొంతు లేదు. పిలిస్తె నీకు ఇనబడదు. ముందు పిల్లను నీడకు తే. తిట్టేదేదో నీడల నిలబడి తిట్టు."

అంటూనే గొడుగు తీసి పిల్ల మీద పట్టింది. నా మీద కాదు. తనూ ఎండలోనే నడిచింది. చాయ్ దుకాణం రేకుల కిందికి పోయినంక కళ్ళద్దాలు తుడుచుకుని పిల్ల మొహం, మెడ, చేతులు చూసింది. ఎంతసేపు చూసిందంటే నాకు తిట్లు అయిపోయినయి.

"గీ మచ్చలు ఎప్పటిసంది?"

"రెండో ఏటిసంది. నువ్వులు సల్లినట్టు లేచినయి. ఏం కాదు, మా ఇంటాయనకు గిట్లనే పుట్టుమచ్చలు ఉంటుండె."

"ఎండకు పోతె కమిలి ఎర్రగైతదా?"

"ఒక్కనాడు కమలలే. నా పిల్ల గట్టిది."

"గదే భయమైతాంది నాకు" అంది.

ఆ గట్టితనం గురించి నాకు చాలా గర్వం ఉండేది. అది నేను చేసిన గట్టితనం అనుకునేదాన్ని. పుట్టిన పదకొండో రోజు నుంచి ఆవాల నూనె రుద్ది, పొద్దుటెండలో చాపేసి పండబెట్టాను. వాడకట్టులో ఏ పిల్లను పండబెట్టినా కాసేపటికి ఎర్రబడి ఏడ్చేది, తల్లులు ఎత్తుకుని లోపలికి ఉరికేవాళ్ళు. మల్లిక ఎర్రబడేది కాదు. ఇంకాసేపు ఉంచేదాన్ని. నడక వచ్చినంక గొర్రెల దొడ్డి దగ్గర రోజంతా నా వెంటే. నూనె దండగ చేసినానని కోడలు అనకుండా, రుద్దింది ఒంటికి పట్టేదాకా ఎండలో ఉంచిన మనిషిని నేను.

మల్లిక బడిలోనే పనిచేసే ఆ మేడం, మచ్చల సంగతి తేల్చాలని సెలవు పెట్టి మాతో పట్నం వచ్చింది. పెద్ద దవాఖానలో డాక్టరు రక్తం తీసుకున్నాడు. కొన్నాళ్ళకు కాగితం వచ్చిందంటే మళ్ళీ పోయాం. పిల్ల ఎండ మొహం చూడొద్దు, చూస్తే తోలుకు క్యాన్సర్ వస్తది, పానం మీదికి వస్తది అని నాలుగు మాటల్లో చెప్పేశాడు. బయట ఇంకా శానామంది నిలబడి ఉన్నారు. ఆయన తప్పు కాదు. కానీ బస్సులో కొత్తకోట దాకా నాకు ఒకటే అనిపించింది. ఎవరి పాపమో తగిలింది. కోడలు పక్కనే కూర్చుంది. నేను ఆమె దిక్కు చూడలేదు.

ఆదివారం మేడం మా ఇంటికొచ్చింది. చాయ్ సాసర్లో పోసుకుని మూడుసార్లు ఊదింది. ఎప్పుడూ మూడుసార్లే ఊదేది, చల్లారినా సరే. తాగినంక, "అవ్వా, రేపు బడికి రెండు ఉన్ని ఉండలు తే. ఒకటి నల్లది, ఒకటి తెల్లది" అంది.

"బడికి ఉన్నెందుకు? పిల్లలు పాడు చేస్తరు. నా ఏళ్ళరిగినయి వడికి వడికి."

"పోగు పోతె నన్నడుగు."

మాది గొర్రెలు కాసిన కుటుంబం. మా ఇంటాయన గొంగళ్ళు నేసేవాడు. ఆయన పోయినంక కూడా నేను ఉన్ని వడకడం మానలేదు. ఊరికే కూర్చోవడం నాకు చేత కాదు. రెండు ఉండలు చిన్నవి ఏరి పట్టుకుపోయాను.

ఆమె తరగతి చూస్తే నవ్వొస్తుంది. గొంతు లేదు కాబట్టి ముందు వరుసలో ఒక గయ్యాళి నోటి పిల్లను పెట్టుకుంది. మేడం గుసగుసగా అనేది, ఆ పిల్ల వాడకట్టంతా వినబడేటట్టు అరిచేది. ఆ పిల్లను 'మైకు' అని పిలిచేవాళ్ళు. ఆ రోజు అందరినీ నీడ పడే వరండాలోకి తెచ్చి, నల్ల నూలూ తెల్ల నూలూ జంటగా ఈ కొస నుంచి ఆ కొస దాకా లాగించింది.

"మన ఒంట్ల లెక్కలేనన్ని కణాలు" మేడం అంది. మైకు అరిచింది. "ఒక్కో కణంల గిసొంటి జంట నూలు. ఏ పని ఎట్ల చెయ్యాల్నో గా నూలుల రాసి ఉంటది. కణం రెండైతె నూలుకు కూడ నకలు తియ్యాలె."

ఒక పిల్లను కొసన కూర్చోబెట్టి నూలు చుట్టమంది. అది నకలు తీసే పని. ఇంకో పిల్ల మెడలో తన ఈల వేసి, ముందు నడుస్తూ వేళ్ళతో నూలు తడుముకుంటూ పొమ్మంది. నూలులో అక్కడక్కడ పల్లేరు కాయలు గుచ్చి ఉన్నాయి. నాకు ఒళ్ళు మండింది. ఉన్నిలో పల్లేరు కాయ పడితే తీసే బాధ గొర్రెలోళ్ళకే తెలుస్తుంది.

"ఎండల సూర్యుడు ఏసే ముండ్లు ఇవి" అంది మేడం. "అందరికీ పడతయి. నాకు, నీకు, రోజూ."

తడుముకుంటూ పోతున్న పిల్ల వేలికి కాయ గుచ్చుకుంది. ఈల వేసింది. చుట్టే పిల్ల చెయ్యి ఆగింది. కత్తెరలు పట్టుకున్న ఇద్దరొచ్చి నల్ల పోగును కాయకు అటూ ఇటూ కోసి తీసేశారు. ఇంకో పిల్ల పక్కనున్న తెల్ల పోగును చూసి అంతే పొడుగు నల్ల పోగు కోసి, ఖాళీలో పెట్టి కట్టింది. మళ్ళీ చుట్టడం మొదలైంది.

నేను గోడకానుకుని చూస్తున్నాను. కట్టిన ముడి నాకు నచ్చలేదు. పోయి విప్పి, కొసలు కలిపి పురి పెట్టి చూపించాను. మేడం చప్పట్లు కొట్టింది.

తర్వాత ఒకచోట అంతా కాయలే గుచ్చి పెట్టింది. చేతికి అందినంత మేరా ముండ్లే. పిల్లలు కోసి కోసి అలిసిపోయినారు.

"ఇప్పుడేం చేస్తది కణం?" మేడం అడిగింది. చుట్టిన ఉండ తీసి అవతల పెట్టేసింది. "బాగయ్యే దారి లేకుంటె అది తనంతట తనే సచ్చిపోతది. కమిలిన తోలు పొరలు ఊడుతది జూడుండ్రి, అట్ల."

"ఉండకు ఉండ పారేస్తరా?" నా నోరు ఊరుకోలేదు. "ముండ్లు ఏరి ఏదో పనికి వాడుకోవాలె గని!"

"అవ్వా, కణం నీ అంత పిసినారి కాదు" అంది మేడం. మైకు అది కూడా అరిచింది. పిల్లలంతా పడీ పడీ నవ్వారు. "గా ఒక్క ఉండను దాసుకుంటె గొంగడి మొత్తం ఖరాబైతది. ఒంట్ల గట్ల దాసుకున్న కణమే క్యాన్సరైతది."

అప్పుడు ఈల పట్టుకున్న పిల్ల దగ్గరికి పోయి, మెడలోంచి ఈల తీసి, ఆ పిల్లను తరగతి గదిలోకి పంపేసింది. "ఇగ సుట్టుండ్రి" అంది.

చుట్టే పిల్ల చుట్టింది. కత్తెరల పిల్లలు కత్తెరలు పట్టుకునే నిలబడ్డారు. కట్టే పిల్ల నూలు పట్టుకునే నిలబడింది. ఎవరూ పిలవలేదు. ఎవరూ కదలలేదు. పల్లేరు కాయలు ఒకటొకటే ఉండలోపలికి పోయినయి. ఉండ బయటికి నున్నగా, మంచిగా కనబడింది.

మేడం ఆ ఉండ తెచ్చి నా చేతిలో పెట్టి, నాకు మాత్రమే వినబడేటట్టు చెప్పింది. "డాక్టరు కాగితంల గిదే రాసుంది అవ్వా. నీ మల్లికల కత్తెరోళ్ళున్నరు. ముడేసేటోళ్ళున్నరు. ముల్లును పసిగట్టి ఈలేసేటోడే లేడు. పాపం కాదు, శాపం కాదు. ఒక్క పనోడు తక్కువ, గంతే."

నేను ఉండను నొక్కాను. అరచేతికి గుచ్చుకుంది.

"ఎండల పండబెట్టింది నేనే బిడ్డా" అన్నాను. ఆ మాట అప్పటిదాకా ఎవరితోనూ అనలేదు.

వేరే ఎవరైనా అయితే "నీ తప్పేం లేదు" అనేవాళ్ళు. ఆమె అనలేదు. "అవును, నువ్వే" అంది. "ఇంకో పిల్లనైతె ఎర్రబడి ఏడ్సేది, నువ్వే ఎత్తుకుంటుంటివి. ఎర్రబడుడు కూడ ఒక ఈలనే. దీనికి గదీ లేదు, నీకెట్ల తెలుస్తది? తెల్వక చేసినవ్. ఇయ్యాల తెలిసింది. ఇగ ఏడుస్తవా, కిటికీలకు గొంగళ్ళు కడతవా?"

నేను ఏడవలేదు. ఇంటికి పోయి గొంగళ్ళు కట్టాను.

ఇంకో సంగతి కూడా ఉంది, అది నేను అడిగితేనే మేడం చెప్పింది. నా కొడుక్కు మా తమ్ముని బిడ్డను పట్టుబట్టి చేసుకున్నది నేను. బయటి సంబంధమైతే బయటి ఖర్చులు, ఇంటి పిల్లైతే ఇంట్లోనే అన్నీ అనుకున్నాను. ఆ పనోడి రాత అమ్మ నుంచి ఒకటి, నాయిన నుంచి ఒకటి వస్తుందట. ఒకటి చెడినా ఇంకొకటి పని చేస్తుంది. మా రక్తంలో చెడిన రాత ఒకటి ఎప్పటినుంచో నడుస్తోంది. నేను రెండు దిక్కుల నుంచీ దాన్నే తెచ్చి కలిపాను. ఆ రాత్రి కోడలి పక్కన కూర్చుని, "నీ తప్పు కాదే, నా ఆలోచన" అన్నాను. అత్తనై ఆ మాట అనడం నాకు సులువు కాలేదు. ఆమె నా చెయ్యి పట్టుకుంది. అది కూడా మేడం పెట్టిన భిక్షే.

ఆ తర్వాత ఆమె మా పాలిట పోలీసైంది. పిల్లకు కుట్టే ప్రతి బట్టనూ సూర్యునికి అడ్డంగా పట్టి చూసేది. నేను పాత చీరతో కుట్టిన ముసుగును చూసి, "ఇది జల్లెడ" అని తిరిగిచ్చేసింది. నా కొడుకు పాత ప్యాంట్లు విప్పి కుట్టినదాన్ని చూసి, "ఇది బట్ట" అంది. ఆ ఒక్క విషయంలో నా పొదుపును మెచ్చుకుంది. ఎండ తగలకుండా మొహానికి పూసే మందు విషయంలో మాత్రం మా ఇద్దరికీ రోజూ కొట్లాటే. అది ఖరీదు. నేను వేలి కొసతో అద్దేదాన్ని. బడి గేటు దగ్గర పిల్ల బుగ్గ గోటితో గీకి చూసి ఈల వేసేది.

"పచ్చడి నాకినట్టు రాస్తె ఎట్ల అవ్వా? గోడకు సున్నమేసినట్టు ఎయ్యాలె."

"గోడకేసే సున్నం గింత పిరమా?"

"పిల్ల పిరమా, సున్నం పిరమా?"

గొట్టం అయిపోయినంక బ్లేడుతో నిలువునా చీరి లోపలిది కూడా గీకి పూసేదాన్ని. అది చూసి మాత్రం ఆమె మూతి బిగించి నవ్వేది.

'ఏం కాదు' అనేది నా ఊతపదం. ఆ మాట వచ్చినప్పుడల్లా ఈల వేసేది. బస్సులో కూడా వేసింది ఒకసారి, డ్రైవరు బ్రేకు కొట్టాడు. కండక్టరు లేచి, "ఈలేసుడు నా పని మేడం!" అన్నాడు. ఆమె ఆయనకు కూడా మల్లికను చూపించి సంగతంతా చెప్పింది. అందరికీ చెప్పేది. చాయ్ దుకాణమాయనకు, ఆటోలవాళ్ళకు, జామకాయలమ్మే ఆమెకు. "గీ పిల్ల ముసుగు జారితె ఈలెయ్యుండ్రి. ఈల లేకుంటె ఏళ్ళు నోట్ల పెట్టుకుని ఎయ్యుండ్రి. పిల్లకు లోపల ఈల లేదు, బయట మనమే ఉండాలె" అనేది. నాకు ఊళ్ళో తల కొట్టేసినట్టుండేది. ఇంటి గుట్టు వీధిలో పెడుతోంది అనుకునేదాన్ని.

ఒకనాడు అడిగేశాను. "సైన్సు చెప్పేదానివి, డ్రిల్లు ఈల నీకెందుకు?"

కొంగు కొంచెం జరిపి మెడ చూపించింది. అడ్డంగా కోత గుర్తు. "నా గొంతుల ఈలేసేటోడు పని మరిసి నిద్రపోయిండు అవ్వా. నాకు తెలిసేసరికి ఆలస్యమైంది. క్యాన్సర్ గడ్డను కోసి తీసిండ్రు, గొంతు పోయింది. అందుకే లోపలి ఈల నమ్మక బయట కట్టుకున్న." అని సాసర్లో చాయ్ మూడుసార్లు ఊదింది.

మల్లికకు పదేళ్ళప్పుడు ముక్కు పక్కన చిన్న పూసంత గింజ లేచింది. నేను చూశాను. రెండు వారాలు చూశాను. మొటిమ అనుకున్నాను. బడి గేటు దగ్గర మేడం చూసిన మరుక్షణం ఈల వేసింది. ఒక్కటి కాదు, ఊపిరి అయిపోయేదాకా.

"మొటిమనే తియ్. ఏం..." అని, మిగతా మాట మింగేశాను.

"ముందు ఆగాలె" అంది. "ఆగుడు తప్పు కాదు అవ్వా. ఆగినంక చూసుకుందాం."

ఆ రోజే పట్నం బస్సెక్కాం. డాక్టరు కోసి తీసి పరీక్షకు పంపాడు. క్యాన్సరే. కానీ పైపైనే ఉంది, ఇంకా వేరు దిగలేదు, సరైన టైముకు తెచ్చినారు అన్నాడు. ఇప్పుడు అక్కడ బియ్యపు గింజంత గాటు ఉంది, అంతే. ఆ గాటు చూసినప్పుడల్లా నేను లోపల దండం పెట్టుకుంటాను. ఏ దేవునికి అంటే నాకే తెలియదు. మొదట గుర్తొచ్చేది మాత్రం ఆ ఎండుటాకు గొంతు.

మేడానికి రోగం తిరగబెట్టింది. పోయిన ఎండాకాలంలో మంచం పట్టింది. పొద్దు గూకినంక పిల్లను తీసుకుని చూడబోయాను. ఆమె చెల్లెలు నన్ను కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. మేడానికి గొంతు పూర్తిగా పోయింది. ఈల వేసే ఊపిరి కూడా లేదు. మల్లికను దగ్గరికి రమ్మని సైగ చేసి, బుగ్గ గోటితో గీకి చూసింది. మందు మందంగానే ఉంది. నా దిక్కు చూసి తల ఊపింది. నేను సాసర్లో చాయ్ పోసి, మూడుసార్లు ఊది ఆమె పెదాలు తడిపాను. ఆమెకు చెప్పాల్సింది చాలా ఉండె. "నువ్వు ఈలెయ్యకుంటె నా పిల్ల లేదు బిడ్డా" అన్నాను. ఆమె అరచెయ్యి ఎత్తి ఆగమన్నట్టు చూపించింది. ఇక చాలు అని.

నాలుగు రోజులకు మేడం పోయిందని కబురొచ్చింది. మిట్టమధ్యాహ్నం. సాయంత్రం దాకా ఉంచరు, మనం పోయేసరికి తీసుకుపోతారు అన్నారు. మల్లికను ఇంట్లో ఉంచి పోదామనుకున్నాను. అది ముసుగు, నల్లద్దాలు, చేతి తొడుగులు అన్నీ వేసుకుని గడప దగ్గర నిలబడింది. కాదనలేకపోయాను. గొడుగు పట్టుకుని పోయి, ఆడవాళ్ళతో పాటు ఆమె మొహం కడసారి చూసి వచ్చాం. మెడలో ఈల లేదు. ఎవరు తీశారో అడగలేదు.

తిరిగి వస్తుంటే నాకు నేల కనబడడం లేదు. గొడుగు ఎటు పడుతున్నానో ధ్యాస లేదు. పిల్ల వెక్కుతూ నడుస్తోంది. కళ్ళు తుడుచుకోవడానికి అద్దాలు తీసిందట, ముసుగు వెనక్కి జారిందట. నేను చూడలేదు. నేనే చూడలేదు.

రోడ్డు అవతల నుంచి ఈల వినబడింది. నోట్లో వేళ్ళు పెట్టి వేసిన ఈల. దాని వెనకే ఇంకొకటి, ఆటోల అడ్డా దిక్కు నుంచి. దాని వెనకే జామకాయలామె, ఈల రాక, ఇత్తడి తక్కెడను గరిటెతో కొట్టింది.

నా కాళ్ళు ఆగినయి. మల్లిక కాళ్ళు ఆగినయి. అది అద్దాలు పెట్టుకుంది. నేను ముసుగు ముందుకు లాగి, ముడి బిగించి, గొడుగు దాని మీదికి వంచాను. చాయ్ దుకాణం రేకుల కింద ఒక బల్ల ఖాళీ చేసి పెట్టారు. ఎవరు ముందు ఈల వేశారో నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. నీడకు పోయి కూర్చున్నాం.